బయటి గాలి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. ఆ రోజు ఆ ముక్కుకే పచ్చి పెయింటు వాసన తగిలింది.

అసలు తగలకూడదు. నేనున్నది అంతరిక్షంలో కట్టబోయే ఇంటికి నమూనా. నేల మీదే, పరిశోధనశాలలో, చీమ దూరే సందు లేకుండా బిగించిన గది. నేను వదిలిన గాలిని యంత్రమే శుభ్రం చేసి మళ్లీ నాకివ్వాలి, మనిషి చెయ్యి పడకూడదు. బయట కంట్రోల్ రూములో కూర్చుని చూసేది మా ఆయన. పరీక్ష నెగ్గితే ఆ యంత్రాన్ని నమ్ముకుని పైకి వెళ్లేది మా తమ్ముడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. వాడు పీల్చబోయే గాలిని ముందు నేను పీల్చి చూడాలని పట్టుబట్టి లోపలికొచ్చాను.

బయట వరండాకు రంగులు వేస్తున్నారని పొద్దున మైకులో ఆయనే అన్నాడు. ఆ వాసన నా మంచం దాకా ఎలా వచ్చిందని నిలదీశాను. కాసేపు నసిగి, యంత్రం మొదటి నుంచీ మొరాయిస్తోందని, నాకు ఊపిరాడకపోతే చూడలేక, బయటి గాలి లోపలికొచ్చే వాల్వు తిప్పుతున్నానని ఒప్పుకున్నాడు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? నేను తలనొప్పి అన్నప్పుడల్లా నిద్ర చాలక అన్నాడు. అది నమ్మి పెందలాడే పడుకున్న నా తెలివికి నాకే ఒళ్లు మండింది.

తమ్ముణ్ణి పిలిపించమన్నాను. వాడొచ్చి అద్దాల కిటికీ అవతల నిలబడ్డాడు. సంగతంతా చెప్పి, ప్రయాణం మానుకోమన్నాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"బావనేం అనకక్కా. వాల్వు తిప్పమని బతిమాలి, ఆఫీసర్లకు చెప్పనని మాట తీసుకుంది నేనే. పరీక్ష పోతే నన్నింక పంపరు."

"పైన వాల్వు తిప్పితే ఏం గాలి వస్తుందిరా?"

అప్పటికి బాగుచేస్తారులే అని గొణిగాడు. ఇద్దరూ ఒక్కటై నన్ను వెర్రిదాన్ని చేశారు. రోజూ ఆ మైకులోనే జోకులేసి నవ్వించారు కూడా. ఏడుపొచ్చింది, వాళ్ల ముందే ఏడ్చాను.

అదే పరీక్షకు ఆఖరి రోజు. సాయంత్రం పెద్దాఫీసరు వచ్చి, తలుపు తీసే ముందు, యంత్రం సరిగ్గా పనిచేసిందా అని మైకులో అడిగాడు. ఆఫీసరు పక్కనే నిలబడి తమ్ముడు నాకు చేతులు జోడించాడు.

"లేదండీ. నేను ఇన్నాళ్లూ పీల్చింది బయటి గాలే," అన్నాను.

తలుపు తీశారు. మా ఆయన తలెత్తలేదు. తమ్ముడు మాత్రం దగ్గరకొచ్చాడు.

"బావ పరాయివాడైనా మాట నిలబెట్టుకున్నాడు. సొంత అక్కవి, నువ్వే మోసం చేశావు," అన్నాడు.