గ్రహణం విడిచాక నిలబడిన రోకలి

పెళ్లయి ఇంకా నెల కాలేదు. ఉరవకొండ దగ్గరి ఈ అత్తగారి ఊళ్లో ప్రసూనకు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి: ఉడికే శెనక్కాయల వాసన, భర్త ప్రవీణ్ బండి మీద వెనక సీటు, ఆఖరికి కరెంటు పోయినప్పుడు వీధంతా వేసే కేక కూడా. వీటన్నిటికీ మించి కొత్త ఉద్యోగం. ఏ ప్రాంతం వాళ్లకు సైన్సు మీద ఎంత ఆసక్తి ఉందో ఇంటింటికీ తిరిగి కొలిచే సర్వే అది. మార్కులు బాగా వచ్చిన చోటికి టెలిస్కోపులున్న సైన్సు బస్సు వస్తుంది. ఆ బస్సును తన వీధికి రప్పించాలని ఆమె పట్టుదల.

ఆ ఉదయం అత్త నారాయణమ్మ వాకిట్లో ఇత్తడి పళ్లెం తోముతోంది. గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. విడిచాక అది నిలవదని అందరి నమ్మకం.

"అత్తా, ఇప్పుడు నిలబెట్టి చూద్దామా?"

"గ్రహణం రాత్రే ఇడిసిపాయ గదా, పిచ్చిదానా! యాడ నిలబడతాది?"

ప్రసూన ఊపిరి బిగబట్టి రోకలిని అటూ ఇటూ సర్ది, మెల్లగా చేతులు తీసింది.

నిలబడింది!

నారాయణమ్మ కేకేసి ఇరుగుపొరుగును పిలిచింది. కాసేపటికి వీధంతా అక్కడే చేరింది. పక్కింటి చౌడప్ప వంగి చూశాడు.

"ఏమమ్మా, కింద బంకేమన్నా పూసినావా?"

నమ్మకం కుదరక తన ఇంటి రోకలి తెచ్చాడు. అదీ నిలబడింది. "అయితే అడుగు చదునుగా ఉండబట్టేనా? అరిగిపోయినది తెండప్పా, చూస్తాం!" అన్నాడు.

ఆ సందట్లోనే ప్రసూన ట్యాబ్ తీసి ఒక్కొక్కరినీ అడిగింది. ఈ ఏడాది సైన్సు మ్యూజియం చూశారా? ప్రదర్శనకు వెళ్లారా?

"అవి యాడుండాయి తల్లీ? ఆడికి మన బస్సు పోతాదా?" అన్నాడు చౌడప్ప. అందరూ నవ్వారు. ప్రసూన కూడా నవ్వుతూనే 'లేదు' నొక్కుతూ పోయింది.

చివరి ఇంటివాళ్ల జవాబు కూడా నొక్కగానే తెర మీద ఫలితం వచ్చింది: 'ఈ వీధికి సైన్సు పట్ల ఆసక్తి లేదు.'

ప్రసూన తలెత్తి చూసింది. ఎదురుగా ఆ వీధి వాళ్లే రోకళ్లు పట్టుకుని వాదించుకుంటున్నారు! వెంటనే పై అధికారికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి, బస్సు ఇక్కడికి రావాల్సిందేనని చెప్పింది.

"ఆసక్తి లేని చోటికి బస్సెందుకమ్మా? లెక్క పంపించేయండి," అన్నాడాయన.

వాదన ఆగిపోయింది. అందరి కళ్లూ ఫోను మీదే.

"ఏమే ప్రసూనా," అంది నారాయణమ్మ, "ట్యాంకరు రాని వీధిలో దప్పిక లేదని రాసుకుంటాడా ఆయప్ప?"

ప్రసూన ఫోనును నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"విన్నారు కదా సార్. మ్యూజియానికి వెళ్లారా అని అడిగే ముందు, అలాంటివి మీ దరిదాపులకు ఎప్పుడైనా వచ్చాయా అని అడగాలి. ఆ ప్రశ్న చేర్చేదాకా నేనీ లెక్క పంపను. ప్రజలకు అందనివ్వనిదాన్ని వాళ్లకు అక్కర్లేనిదిగా చూపే ప్రతి కొలతా వాళ్లకు రెండోసారి అన్యాయం చేస్తుంది."