ఇరవై ఒకటోసారి

నాచారంలో ఆ కంప్యూటర్ సెంటర్ ఉన్నది కమ్యూనిటీ హాలు మేడమీద. కింద పెళ్లిళ్లు, పైన పాఠాలు. పనిలేని పిల్లలకు ఫీజు లేకుండా నాలుగు నెలలు నేర్పి, ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో నిలబెట్టడం వాళ్ల పని. ఉన్నవి ఆరే కంప్యూటర్లు. గుమ్మం ముందు చెప్పులు విడిచే లోపలికి పోవాలి. దుమ్ము పడుతుందని పాఠాలు చెప్పే మేడం పెట్టిన కట్టడి అది. కానీ పిల్లలు మాత్రం గుడిలోకి పోయినట్టే పోయేవారు. కొత్తగా చేరినవాళ్లయితే మౌసును ముట్టుకుని కళ్లకద్దుకునేవారు కూడా.

ఆ సెంటరుకు వాచ్‌మన్ సిద్దయ్య. పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ తాళంచెవులు ఆయన చేతికొచ్చాయి. ఆయనకు ఉన్నదొకటే వ్యసనం, రామకోటి రాయడం. రోజుకు వెయ్యి చొప్పున పదకొండేళ్లలో నలభై లక్షల నామాలు రాశాడు. కోటి పూర్తిచేసి భద్రాచలంలో స్వామికి ఒప్పజెబుతానని మొక్కు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం పడిపోయింది. ఇప్పుడు రోజుకు రెండు వందలు రాస్తే గొప్ప.

"ఈ లెక్కన ఇంకో ఎనభై ఏండ్లు బతకాలె నాయనా," అని కూతురు శిరీష నవ్వేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

శిరీష ఇంటర్ పాసై మూడేళ్లు ఖాళీగా కూర్చుని, చివరికి ఆ సెంటర్లోనే చేరింది. ఆ రోజు ఆమెకు పరీక్ష. హబ్సిగూడలోని ఒక ఆఫీసు వాళ్లు పదకొండింటికి వచ్చి, ఆరుగురిని ఆరు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి టైపింగ్ చూస్తారు. ముగ్గురిని తీసుకుంటారు. మళ్లీ ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో ఎవరికీ తెలియదు. ఈసారి పోతే బట్టలకొట్లో నిలబడే పనికి పోతానని శిరీష ఇంట్లో చెప్పేసింది.

ఏడున్నరకే తండ్రీకూతుళ్లు తాళం తీశారు. శిరీష మూలనున్న ఆరో కంప్యూటర్ ముందు కూర్చుని చెయ్యి సవరించుకుంటోంది. సిద్దయ్య చీపురు పక్కన పెట్టి వెనక వచ్చి నిలబడ్డాడు.

"బిడ్డా, రాముని పేరు గూడ రాస్తదా ఇది?"

"ఎందుకు రాయది?" టకటకా కొట్టింది. తెల్లటి తెర మీద శ్రీరామ అని పడింది. "దీన్ని పట్టుకొని రెండుసార్లు అతికిస్తే రెండయితది, సూడు. ఆ రెండిటిని పట్టుకుంటే నాలుగు. నాలుగును పట్టుకుంటే ఎనిమిది."

పదోసారికి వెయ్యి దాటింది. చెయ్యి బాగున్న రోజుల్లో ఆయన పొద్దంతా రాసిన లెక్క అది. పదిహేడోసారికి లక్ష దాటింది. పేజీలు ఆగకుండా పైకి ఉరుకుతున్నాయి. సిద్దయ్య తెర వైపు ఒంగి చూశాడు. వామనుడు చూస్తుండగానే నేలంతా నిండి, ఆకాశమంతా నిండి పెరిగిపోతుంటే బలిచక్రవర్తికి ఇలాగే ఉండి ఉంటుందా? చేతులు జోడించాడు.

ఇరవైకి పది లక్షలు దాటింది.

"చాలు నాయనా. పాత సిస్టం, తట్టుకోది."

"ఇంకా మూడుసార్లయితే నా మిగిలిన అరవై లక్షలు నిండుతయి గద. ఇంకొక్కసారి, బిడ్డా."

ఇరవై ఒకటోసారి అతికించింది. ఇసుక గడియారం బొమ్మ ఒకటి తెర మీదికి వచ్చి నిలిచిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. తెర నిండా శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ.

తొమ్మిదింటికి దయాకర్ వచ్చాడు. చిల్కానగర్ పిల్లవాడు, అతనూ పరీక్షకే.

"ఏంది మామా, పొద్దుగాల్నే పూజ పెట్టినవా? కొబ్బరికాయ ఏది?" అంటూ వచ్చి, తెర చూసి, "హ్యాంగయింది గంతే. బటన్ నొక్కి బంద్ చేసి మళ్ల పెట్టు, అయిపాయె," అన్నాడు.

"నాకు చెయ్యి రాలే, పది లక్షల నామాలున్నయి అందుల. నువ్వే బంద్ చెయ్," అంది శిరీష.

దయాకర్ చెయ్యి చాపినవాడు చాపినట్టే వెనక్కి తీసుకున్నాడు. "పది లక్షలున్నయా అందుల? అమ్మో, నేను ముట్ట. ఆంజనేయస్వామి మాల ఇడిసి వారం గూడ కాలే. అసలే పరీక్ష ఉన్నది నాకు."

తర్వాత వచ్చిన నలుగురూ అంతే. బటన్ దాకా వంగినవాడు రామనామం చూసి లేచి నిలబడ్డాడు. దుర్గాభవాని అయితే బ్యాగులోంచి అగరుబత్తి తీసి వెలిగించి దణ్ణం పెట్టుకుంది.

"సిస్టం లేకుంటే నన్ను బయట కూసోబెడ్తరు నాయనా," అన్న శిరీష కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటికిగానీ సిద్దయ్యకు తాను చేసిన పనేమిటో పూర్తిగా తలకెక్కలేదు.

పదిన్నరకు కామాక్షి మేడం వచ్చింది. వాళ్లందరికీ పాఠం చెప్పేది ఆమే. "ఇంత మాత్రానికేనా!" అని బటన్ మీదికి వేలు పోనిచ్చి, ఆమె కూడా ఆగిపోయింది.

"సిద్దయ్యగారూ, మొక్కు మీది. మీరు సరే అంటే ఆర్పేస్తాను."

"ఆగితే దానంతట అదే లేవదా మేడం?"

"లేవచ్చు. సాయంత్రానికి లేవచ్చు. మీ అమ్మాయికి ఉన్నది అరగంట."

"ఆర్పితే అవన్ని ఏడికి పోతయి?"

కామాక్షి వేలు వెనక్కి తీసుకుంది. "దాచిపెట్టలేదు కదండీ. ఎక్కడా ఉండవు. రాయనట్టే."

రాయనట్టే. సిద్దయ్య ఆ మాట దగ్గరే నిలబడిపోయాడు. నాట్లు వేస్తూ తన అమ్మ నోటితో అన్న నామాలు ఏ పుస్తకంలోనూ లేవు. అవి స్వామిని చేరలేదని ఎవరనగలరు? మరి చెయ్యి నొప్పెట్టకుండా పుట్టుకొచ్చిన ఈ లక్షలు చేరాయని మాత్రం ఎవరనగలరు? ఆయనకు తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే. ఇంకొక్కసారి అని అడిగింది తాను. దారి మూసుకుపోయింది బిడ్డకు.

"మీరొద్దు మేడం. నేనే ఆర్పుత."

"గట్టిగా నొక్కి, అయిదు లెక్కపెట్టేదాకా వదలకండి."

ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని వేలు బటన్ మీద పెట్టాడు. ఒకటి, రెండు అనలేకపోయాడు. అయిదుసార్లు రామా అన్నాడు. లోపలి ఫ్యాను చప్పుడు ఆగింది. తెర నల్లబడింది.

మళ్లీ వెలిగించగానే నీలం తెర వచ్చింది. లోపల ఏదైనా చెడిందేమో అదే చూసుకుంటోందని మేడం చెప్పింది. అంకెలు నత్తలా పాకుతున్నాయి. నలభై. నలభై ఒకటి. ఫైళ్లు పట్టుకుని ఆఫీసువాళ్లిద్దరూ మెట్లెక్కి వచ్చారు. డెబ్భై. మేడం వాళ్లకు కుర్చీలు వేయించి, నీళ్లు ఇప్పించి, ఎండల సంగతి మాట్లాడింది. పదకొండుకు రెండు నిమిషాలుందనగా ఆరో తెర మీద రోజూ కనబడే పచ్చగుట్ట బొమ్మ వచ్చింది. అంతటి నామరాశి ఉన్న చోట దాని జాడ చుక్కంతైనా లేదు.

శిరీష కూర్చుంది. సిద్దయ్య బయట కిటికీ దగ్గర నిలబడ్డాడు.

కూతురు టైపు కొట్టడం ఆయన ఎన్నోసార్లు చూశాడు, కానీ ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్లు పక్కనున్న కాగితాల మీదే ఉన్నాయి. ఒక్కసారి కూడా చేతుల వైపు తిరగలేదు. వేళ్లు మాత్రం వాటి దారిన అవి, ఎవరూ చెప్పకుండానే, ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఇది నా ఇంట్లో పుట్టిన పిల్లేనా అనుకున్నాడు. ఎంతో తపస్సు చేస్తేగాని రాని విద్య ఈ వేళ్లలోకి నాలుగు నెలల్లో ఎలా వచ్చింది? ఇందాక పది లక్షలు చూసినప్పటికంటే ఇప్పుడే ఆయన గుండె ఎక్కువ కొట్టుకుంది.

నలభై నిమిషాలు. తర్వాత ఆఫీసువాళ్లు దిద్దుకుని పేర్లు చదివారు. దుర్గాభవాని. దయాకర్. ఒకాయన కాగితం తిప్పి, ఇంకొకాయనకు చూపించి, "శిరీష" అన్నాడు.

శిరీష చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికొచ్చింది. "వచ్చింది నాయనా! సోమవారం నుంచి పోవాలె."

"ఏం రాయించిన్రు బిడ్డా?"

"ఎవరెవరివో దరఖాస్తులు. పేరు, ఊరు, ఇంటి నంబరు, వయసు. ముప్పై తొమ్మిది కొట్టిన. రెండు తప్పులు పడ్డయి."

"ఎవరియి?"

"నారపల్లి పోశయ్యది ఇంటి నంబరు. బోడుప్పల్ల సత్తమ్మ అని ఒకామెది వయసు. అరవై రెండుంటే యాభై రెండు కొట్టిన."

"పదేండ్లు తగ్గిచ్చినవా?" సిద్దయ్యకు నవ్వాగలేదు. "పో, ఆమె దీవెన గూడ నీకే."

శిరీష మేడం కాళ్లకు మొక్కడానికి లోపలికి పరిగెత్తింది. సిద్దయ్య కిటికీ ఊచ పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ముప్పై తొమ్మిది గడపలు. నలభై నిమిషాల్లో ఇన్ని గడపలు తన బిడ్డ వేళ్ల కింద నుంచి పోయాయి. ఆ మనుషులు ఈ వేళ ఎక్కడెక్కడ ఏ పనిలో ఉన్నారో, వాళ్ల పేరు ఒక పిల్ల ఇంత శ్రద్ధగా రాసిందని వాళ్లకేం తెలుసు?