రాణి దూకని కిటికీ

పాత కోటలో గైడుగా పనిచేసే అతనికి తోడల్లుడి పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ మహానుభావుడు రాసిన హిందీ చారిత్రక సినిమాలో ఈ కోట రాణి కిటికీలోంచి దూకి చనిపోతుంది. నిజానికి ఆవిడ ముసలితనంలో జ్వరమొచ్చి మంచం మీదే పోయింది. ఏళ్ల తరబడి అతను ఆ నిజమే చెప్పుకొస్తున్నాడు, ఒక్కరి కన్నూ చెమర్చలేదు. సినిమా చూసిన అతని భార్య మాత్రం "మా బావగారు ఎంత బాగా రాశారండీ!" అంటూ ఇంటికొచ్చాక కూడా ముక్కు చీదుతూనే ఉంది.

ఇవాళ కోట చూడ్డానికి వచ్చిన ఒకావిడ, "రాణిగారు దూకిన కిటికీ ఏదండీ?" అంది.

అలాంటిదేమీ లేదనబోయి, పాత సామాన్ల గది కిటికీ చూపించాడు.

"ఇదేనమ్మా. దూకేముందు వెనక్కి తిరిగి ఒక్కసారి నవ్విందట."

ఆవిడ భోరుమంది.

అతని కడుపు చల్లబడింది. "ఆ నవ్వు సంగతి సినిమా రాసినాయనకి తెలీదు, పాపం!" అన్నాడు.