నీలం ఫ్యూజు ఉండాల్సిన చోట

“భోజనాల వేళైంది, ఆ తీగలు తియ్యమ్మా” అంటారు మా అత్తగారు, రోజూ పన్నెండున్నరకి. వైర్లని ఆవిడ తీగలనే అంటారు. నేను లేచి, సగం అల్లిన వైర్లు మేకుల మీద నుంచి జారకుండా పట్టుకుని, టేబుల్ మీద పరిచిన నా మేకుల చెక్కబల్లను ఎత్తి గోడకు ఆనిస్తాను. డైనింగ్ టేబుల్ తుడిచి కంచాలు పెడతాను. అందరూ తిన్నాక కంచాలు తీసి, మళ్లీ తుడిచి, మళ్లీ బల్ల పరుస్తాను. సాయంత్రం కూడా ఇదే తంతు. ఆరేళ్లుగా నా పనికి ఈ ఇంట్లో దొరికిన చోటు, రెండు భోజనాల మధ్య ఖాళీగా ఉండే ఈ టేబులే.

కింద మా ఆయన షెడ్డు. బండి బాగుండి ఇంజిన్ మాత్రం చచ్చిపోతే, వేరే బండి ఇంజిన్ తెచ్చి అందులో బిగిస్తాడు. బిగించినంత మాత్రాన అది కదలదు. కొత్త ఇంజిన్ అడిగేది పాత బండికి అర్థం కాదు. రెండింటికీ మధ్య వైర్లు, ఫ్యూజులు, రిలే స్విచ్చులు కలిపి జడలా అల్లాలి. ఏ వైరు ఎంత లావుండాలి, దేనికి ఎన్ని ఆంపుల ఫ్యూజు పెట్టాలి, ఏ రిలే ఏ పంపును నడపాలి అన్నీ చూసుకోవాలి. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు వైరింగ్ ఫ్యాక్టరీలో నేను చేసింది అదే. “నీ వేళ్లు సన్నం కదా, నీకైతే ఇట్టే వచ్చేస్తుంది” అన్నాడు మా ఆయన, మొదటి బండి పని చేతికిస్తూ. ఎనిమిదేళ్ల అనుభవం వేళ్ల సన్నదనం కింద కొట్టుకుపోయింది. “ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యి, తొందరేం లేదు” అని కూడా అన్నాడు. ఖాళీ ఎప్పుడుంటుందో చెప్పలేదు. మా మరిది నన్ను కరెంటు వదిన అంటాడు. చుట్టాలొస్తే “వదినను ముట్టుకోకండి, షాక్ కొడుతుంది” అని నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు.

షెడ్డులో బండి స్టార్టయిన రోజున బండి గలవాళ్లు మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతారు. “వైరింగ్ భలే నీటుగా చేశారండీ” అంటారు. “ఏదో, అలవాటైన పని” అంటాడు అతను. టీ కప్పులు తీసుకెళ్లేటప్పుడు ఈ మాట నా చెవిన చాలాసార్లు పడింది. మొదట్లో కడుపు మండేది. తర్వాత్తర్వాత కప్పులు ఏరుకుని పైకి వచ్చేయడం వచ్చేసింది. ఏ మంటైనా రోజూ ఉంటే అలవాటవుతుంది.

పోయిన నెలలో మొక్కల నర్సరీ నడిపే ఒక పెద్దావిడ వ్యాను వచ్చింది. దానికి వైరింగ్ అల్లడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇంజిన్‌కి పెట్రోలు అందించే పంపుకి పదిహేను ఆంపుల ఫ్యూజు పెట్టాను. అది నీలం రంగులో ఉంటుంది. ఎప్పటిలాగే ఫ్యూజు పెట్టె మూత లోపల ఒక చీటీ రాసి అతికించాను, ఏ గదిలో ఏ రంగో, అది దేనికో. ఆ పంపు మాత్రం నేను ఎంచింది కాదు. మా ఆయన అల్మారాలో ఎప్పట్నుంచో పడున్న పాతదాన్ని తీసి బిగించాడు. ఫ్యూజు పోయింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది.

“పంపు బిగుసుకుపోతున్నట్టుందండీ. కరెంటు ఎక్కువ లాగుతోంది. పంపు మార్చండి” అన్నాను.

“పంపుకేం రోగం! నీ ఫ్యూజులే నాసివి. ఆవిడ సాయంత్రానికల్లా బండి కావాలంటోంది, నువ్వు నసపెట్టకు” అన్నాడు.

సాయంత్రానికి వ్యాను వెళ్లిపోయింది. మర్నాడు ఫ్యూజులు సర్దుకుంటుంటే నా రేకు డబ్బాలో ముప్పై ఆంపులది, ఆకుపచ్చది, ఒకటి తక్కువగా కనిపించింది. అది ఎక్కడికి వెళ్లిందో నాకు క్షణంలో అర్థమైంది. పదిహేనుకి పోయే ఫ్యూజు చోట ముప్పై పెడితే, పోవాల్సిన ఫ్యూజు పోదు. దాని బదులు వైరు కాలుతుంది. డబ్బా పట్టుకుని మెట్ల దాకా వెళ్లాను. కింద మా ఆయనతో మా మరిదీ ఇంకెవరో ఉన్నారు. నలుగురిలో అడిగితే ఏమంటాడో తెలుసు. వెనక్కి వచ్చి పప్పుకి నీళ్లు పెట్టాను. ఇది నా తప్పు. దీన్ని అటూ ఇటూ తిప్పి చెప్పడం నాకిష్టం లేదు. ఒక మనిషి కాళ్ల దగ్గర వైరు కాలుతుందని తెలిసి కూడా, మాట పడతానని ఊరుకున్నాను.

ఇవాళ పదకొండు గంటలకి ఆ పెద్దావిడ వ్యానును తాడు కట్టించి లాక్కొచ్చింది. గొంతు పైదాకా వినిపించింది.

“కాళ్ల దగ్గర పొగండీ! ఆపి, దూకి, మొక్కలకి పోసే నీళ్ల క్యాను కుమ్మరించాను. అది లేకపోతే నేనూ ఉండను, బండీ ఉండదు. ఏం చేశారసలు మీరు?”

నేను మెట్లు దిగుతున్నాను. మా ఆయనకి నా వైపు వీపు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, చాలా మర్యాదగా చెప్పాడు. “వైరింగంతా మా ఆవిడ చేసిందండీ. ఎంతైనా ఇంట్లో ఆడవాళ్లు చేసే పని కదా, ఎక్కడో ఏదో పొరపాటు...”

ఆరేళ్లలో ఆ పని నాదని అతను ఒకరితో చెప్పడం ఇదే మొదటిసారి.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వ్యాను దగ్గరికి వెళ్లి ఫ్యూజు పెట్టె మూత తీసి, ఆవిడ ముందు పెట్టాను.

“అవునండీ, వైరింగ్ నేనే చేశాను. ఈ చీటీ నా రాత. పంపు దగ్గర ఏముందో చదవండి.”

ఆవిడ కళ్లజోడు సరిచేసుకుంది. “పదిహేను, నీలం.”

“ఇప్పుడు పెట్టెలో చూడండి.”

“ఇది ఆకుపచ్చది కదా!”

“ముప్పై. నా డబ్బాలోదే. ఇది పెట్టి ఉంటారని నాకు మర్నాడే తెలిసింది. మీకు చెప్పాలి, చెప్పలేదు. ఆ తప్పు మాత్రం నాది.”

వ్యాను తాడు విప్పుతున్న మా మరిది నవ్వబోయి, మళ్లీ ముడి మీద పడ్డాడు. మా ఆయన నా వైపు చూడలేదు. పెద్దావిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. నా మీద జాలేమీ పడలేదు.

“మీ మొగుడూ పెళ్లాల సంగతి నాకెందుకమ్మా. నా బండి బాగు చేసేదెవరు?”

“నేను. పంపు కొత్తది రావాలి, కాలిన వైరు మొత్తం మార్చాలి. నాలుగు రోజులు పడుతుంది. ఏదైనా అడగాలంటే నన్నే అడగండి.” చీటీ కింద నా పేరూ ఫోన్ నంబరూ రాసి ఆవిడకి చూపించాను.

ఆవిడ వెళ్లిపోయాక మా ఆయన నోరు విప్పాడు. “నలుగురిలో నా పరువు తీశావు.”

“మీరన్న మాటనే నేనూ ఒప్పుకున్నాను. వైరింగ్ మా ఆవిడ చేసిందని. ఇకనుంచి బండి స్టార్టయినప్పుడు కూడా అదే మాట అనండి.”

పైకి వెళ్లేసరికి పన్నెండున్నరైంది. అత్తగారు నా వైపు చూసి, అలవాటుగా, “ఆ తీగలు తియ్యమ్మా” అన్నారు. తీశాను. బల్లను ఎత్తి, ఈసారి గోడకు ఆనించకుండా, మేకులతో, వైర్లతో సహా మెట్లు దించి షెడ్డులో కిటికీ పక్కనున్న పెద్ద బెంచీ మీద పరిచాను. అక్కడ మా ఆయన స్పానర్లుంటే ఒక పక్కకి జరిపాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

కాసేపటికి పైనుంచి అత్తగారి గొంతు వినిపించింది. “టేబుల్ ఖాళీగానే ఉంది, కంచాలెవరు పెడతారు?”

“నేను పనిలో ఉన్నానత్తయ్యా” అన్నాను.