సున్నం కింది గీత

చదువుకునే తమ్ముళ్ళకూ, పనుల్లోకి పోయే అక్కచెల్లెళ్ళకూ మా వీధి సంగతి చెప్పాలి. గొప్పగా చెప్పుకునేదేం కాదు. తల దించుకునే చెప్తున్నాను.

వరద తీశాక బీమా సర్వేయరు కుట్టు పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. వీధి చివరి ఇల్లు ఆమెది. ఒంటరి మనిషి, మిషను కుట్టుకుని బతుకుతుంది. నీళ్ళలో నాని ఆమె వెనక గోడ బయటికి వాలింది. బీమా వస్తే గోడ నిలబడుతుంది. రాకపోతే ఇల్లు కాంట్రాక్టరు పరం. వెనక వాగు పూడ్చి అతను కడుతున్న కొత్త ఇళ్ళకు దారి కావాలి, ఆ దారికి పెద్దమ్మ ఇల్లే అడ్డం.

సర్వేయరు ముందుగది గోడ మీద అరచెయ్యి వేసి పైనుంచి కిందికి రాశాడు. తెల్లటి సున్నం చేతికంటింది.

"నీళ్ళొచ్చాయంటున్నారు. ఎందాకా వచ్చాయమ్మా?"

గుమ్మం దగ్గర మేమంతా ఉన్నాం. మేడ వదిన ఉంది, తాపీ బాబాయి ఉన్నాడు, చంకలో పాపతో నేనున్నాను. పెద్దమ్మ మావైపు ఒకసారి చూసి, చూపు నేలమీదికి దించింది.

"పెద్దగా ఏం లేదు బాబూ. కాస్త తడి."

మాలో ఒక్కరమూ నోరు మెదపలేదు. సర్వేయరు వంటగదిలోకి తొంగి చూసి, పైపు కారి గోడ నానిందనీ, దానికి బీమా వర్తించదనీ చెప్పి, చేతి సున్నం దులుపుకుని వెళ్ళిపోయాడు.

అది మా వీధి రివాజు. నీళ్ళు గడప దిగీ దిగకముందే బురద ఎత్తిపోసి గోడలకు సున్నం కొట్టేస్తాం. పొయ్యి వెలిగించేది ఆ తర్వాతే. తడిసిన పరుపులు ఎండలో వేస్తే పై వీధివాళ్ళు చూస్తారని ఇంట్లోనే పెట్టుకుని కుళ్ళబెట్టుకుంటాం. వాళ్ళు మమ్మల్ని కప్పలంటారు. బళ్ళో మా పిల్లలు కనబడితే బెకబెకమంటారు. అద్దెకొచ్చేవాళ్ళో, కొనేవాళ్ళో వచ్చి అడిగితే ఇక్కడికి చుక్క నీరు రాదని వీధి వీధంతా ఒకే మాట మీద నిలబడతాం. ఇంకే విషయంలోనూ మాకు అంత ఐకమత్యం లేదు.

పెద్దమ్మను వెంటబెట్టుకుని తాపీ బాబాయీ నేనూ బీమా ఆఫీసుకు పోయాం. ఆఫీసరు కసురుకుంటే బాగుండేది. మంచిగానే కూర్చోబెట్టి గోడ మీది పటం చూపించాడు. ముంపు వీధులకు నీలం రంగు వేసి ఉంది. మా వీధికి లేదు. ఇన్ని వరదలొచ్చినా మీ వీధినుంచి ఎవరూ వచ్చి చెప్పలేదే, నీళ్ళొచ్చే చోటయితే ఎవరో ఒకరు మొత్తుకోరా అన్నాడు. వాగు పూడ్చుకోడానికి కాంట్రాక్టరుకు అనుమతి దొరికింది కూడా ఈ పటం చూసేనట. కింద మునిగే ఇళ్ళేవీ లేవు కదా మరి.

బయటికొచ్చాక బాబాయి మెట్లమీద కూలబడ్డాడు.

"ఆ పటం వాళ్ళు గీసింది కాదమ్మాయ్. మనం గీసిచ్చాం. సున్నం కుంచెతో గీసిచ్చాం."

ఆ తర్వాత ఎండలు కాశాయి. లోపలి తడి ఆగలేదు. పెద్దమ్మ ఇంటి వీధివైపు గోడమీద సున్నం పొక్కులు లేచి పెచ్చులుగా రాలింది. కిందనుంచి వరద నీళ్ళు నిలిచిన మట్టిరంగు గీత బయటపడింది. ఆ దారిన పోయేవాళ్ళంతా ఆగి చూడసాగారు. మేడ వదిన తనే బకెట్టూ కుంచే పట్టుకొచ్చింది. పెద్దమ్మ వద్దంది. సాయంత్రానికి వీధంతా పెద్దమ్మ గదిలో ఉంది. లోపల చోటులేక కిటికీకి వేలాడి మరీ అరిచారు.

మేడ వదిన బాధ వదినది. అప్పుచేసి మేడ వేసింది, అద్దెలతో తీరుస్తోంది. నీ గోడ నువ్వు చూపించుకుంటే మా కొంపలకు విలువేముంటుంది, ఇంటి గుట్టు వీధిన పడేసుకుంటామా అని నిలదీసింది. సగంమంది ఆమె వైపే. నిజం చెప్పాలంటే నేనూ ఆమె వైపే తలూపాను.

"అమ్ముకునేవాడికి కదమ్మా ఆ విలువ," అన్నాడు బాబాయి. "ఉండేవాడికి గోడ నిలబడ్డమే విలువ. నీరు పల్లమెరుగు అంటారు. పల్లంలో ఎవరుంటారో కాంట్రాక్టరుకూ బాగా ఎరుకే. వాగు మూసేశాక ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఈసారి నీ మేడ మెట్లెక్కుతాయి."

"ఎక్కితే కాఫీ ఇస్తాలే," అంది వదిన. కొందరు నవ్వారు.

అప్పటిదాకా మాట్లాడని పెద్దమ్మ లేచింది.

"ఆ బీమా మనిషిని చూసి నేను భయపడలేదే. మిమ్మల్ని చూసి భయపడ్డా. నిజం చెప్తే మీరేమనుకుంటారో అని నా ఇంటిని నా నోటితోనే పోగొట్టుకున్నా. గుమ్మంలో నిలబడి మీరంతా విన్నారు. ఒక్కరైనా, అది కాదు పెద్దమ్మా అన్నారా?"

ఏమీ తేల్చుకోకుండానే ఒక్కొక్కరం జారుకున్నాం.

ఇంటికొచ్చి పాపను ఉయ్యాలలో వేశాను. దగ్గు తగ్గడంలేదు దానికి. గోడల చెమ్మ అని డాక్టరమ్మ చెప్పినా, చెమ్మ ఎక్కడిదని అడుగుతుందేమోనని అక్కడ కూడా తలూపి వచ్చేశాను. గరిటె తీసుకుని ఉయ్యాల పక్క గోడ గీకాను. సున్నం కింద సున్నం, దాని కింద గీత. ఉయ్యాల అంచుకు పైన ఉంది. వరదనాడు పాపతో అటకమీద కూర్చున్నదాన్ని నేనే. దిగొచ్చి ఆ గీతను కప్పేసిందాన్నీ నేనే. చదువు మధ్యలో ఆగిపోయిందాన్ని, నాకేం తెలుస్తుందిలే అని అన్నిటికీ తప్పుకుంటాను. ఇది తెలియడానికి చదువెందుకు?

ఆదివారం పొద్దున కాంట్రాక్టరు కొత్త ఇళ్ళు చూపించడానికి జనాన్ని వ్యానులో తెచ్చాడు. వాళ్ళకంటే ముందే ఇద్దరు పెయింటర్లను పెద్దమ్మ గోడ మీదికి పంపాడు. ఖర్చంతా తనదేనట, గోడ తళతళలాడిస్తాడట. పెద్దమ్మ స్టూలు తెచ్చుకుని ఆ గోడకు వీపు ఆనించి కూర్చుంది. పెయింటర్లు కుంచెలు పట్టుకుని దిక్కులు చూశారు.

పాపను చంకనేసుకుని గరిటెతో మా వీధిగోడ గీకడం మొదలుపెట్టాను. ఆ చప్పుడుకు ఎదురింటామె బయటికొచ్చింది. చూసి, లోపలికిపోయి, పారతో వచ్చింది. తాపీ బాబాయి అసలు సామానే తెచ్చాడు. కాసేపటికి వీధి పొడుగునా సున్నం పొడి లేచింది. ఒక్కో ఇంటి గోడ మీదా గీత తేలుతోంది. పొరుగింటి గీతతో కలుస్తోంది.

మేడ వదిన మాత్రం మెట్లమీద చేతులు కట్టుకుని నిలబడింది. వ్యాను దిగినవాళ్ళలో ఒక నిండు గర్భిణి ఆమె దగ్గరికి పోయింది.

"అక్కా, ఇక్కడికి నీళ్ళొస్తాయా?"

వదిన అలవాటుగా నోరు తెరిచింది. చుక్క అనే మాట వరకూ వచ్చి ఆగిపోయింది. ఆ అమ్మాయి పొట్ట వంక చూసింది.

"వస్తాయమ్మా. మా కింది వాటా మొత్తం మునుగుతుంది. మీకు చూపించే ఇళ్ళు మాకంటే పల్లం. కడుపుతో ఉన్నదానివి, ఇక్కడ కొనకు."

వ్యాను వచ్చినవాళ్ళందరినీ ఎక్కించుకుని వెనక్కి పోయింది. కాంట్రాక్టరు ఫోను తీశాడు. పోలీసులొచ్చి, పెయింటరు చెయ్యి విరవబోయిందని చెప్పి కుట్టు పెద్దమ్మను జీపెక్కించారు. ఆమె చేత్తో సూదిలోకి దారం ఎక్కించడమే కష్టమని పెయింటరే చెప్పబోతే వాడి నోరు మూయించారు.

మేం వెనకే నడిచాం. గోళ్ళనిండా సున్నం, జుట్టునిండా సున్నం. పై వీధిమీదుగానే పోవాలి. అరుగుల మీదనుంచి అందరూ చూశారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరూ బెకబెకమనలేదు.

స్టేషను ముందు ఇన్‌స్పెక్టరు అడ్డం నిలబడి ఎవరు మీరంతా అన్నాడు.

"నీళ్ళొచ్చిన ఇళ్ళవాళ్ళం," అంది మేడ వదిన. "ఆ ముసలామెను వదిలిపెట్టేదాకా పోం. మా మాటా రాసుకోండి."

నీళ్ళా, ఎక్కడిదాకా వచ్చాయేంటి అని అతను వెటకారం చేశాడు. ఎదురింటామె వంగి మోకాలి దగ్గర చెయ్యి పెట్టింది. వదిన నడుం దగ్గర పెట్టింది. బాబాయి, ఆయన వెనకవాళ్ళు, ఎవరి ఒంటిమీద వాళ్ళు చూపించారు. నేను గుండెల దగ్గర పెట్టాను. చంకలో పాప నిద్రపోతోంది. నా చెయ్యి దాని నోటికి పైన ఉంది.

సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. చెయ్యి మాత్రం దించలేదు.