లింబాద్రి చెట్టు

ఒమాన్ దేశంలో రుస్తాఖ్ పోయే దారిలో కొత్తగా పెద్ద రోడ్డు పడ్డాక, దానికి అటూ ఇటూ ఉన్న తోటలను ఒక కంపెనీ కొంటూ వచ్చింది. మస్కట్ పక్కనున్న సీబ్‌లో ఇళ్లు నిండిపోయాయి, రేపో మాపో ఊరు ఇటే పాకుతుంది, ఇప్పుడు కొని పెట్టుకుంటే అప్పుడు విల్లాలు కట్టి అమ్ముకోవచ్చు అని వాళ్ల ఆలోచన. బావినీళ్లు ఉప్పు తిరిగిన తోటలు ముందు పోయాయి. వాటిని చూసి పక్కవాళ్లు అమ్మారు, వాళ్లను చూసి వాళ్ల పక్కవాళ్లు. చూస్తుండగానే రెండు వందల ఎకరాల చుట్టూ ఇనుప కంచె లేచింది. ఆ కంచె నడుమ పంటి కింద రాయిలా ఒక్క ఖర్జూర తోట మిగిలింది. అది షంసా అనే ముసలమ్మది. ఆ తోటలో వయసంతా పెట్టి పనిచేసినవాడు లింబాద్రి.

లింబాద్రిది జగిత్యాల దిక్కు. తాత ఒకరింట్లో జీతమున్నాడు, తండ్రి జీతమున్నాడు. ఆ ఇంట్లో ఎవరి పేరు మీదా గుంటెడు భూమి ఉండి ఎరగరు. బిల్డింగు పనికని ఒమాన్ వచ్చాడు. ఆ కంపెనీ మూతపడి రోడ్డున పడితే, షంసా పెనిమిటి తోటలోకి తెచ్చుకున్నాడు. లింబాద్రి ఆయనను అర్బాబు అనేవాడు. అక్కడ యజమానిని పనివాళ్లంతా అలాగే అంటారు.

అర్బాబు మాట తక్కువ మనిషి. ఒక ఏడు గాలివాన ముంచెత్తి, వాగు తెగి తోట మీద పడింది. లింబాద్రి నడుముల లోతు నీళ్లలో నిలబడి మట్టీ రాయీ అడ్డం వేసి చెట్లను కాపాడాడు. నీళ్లు తీసిన తర్వాత, కాఫీకి వచ్చిన పెద్దమనుషుల ముందు అర్బాబు ఒక చెట్టు వైపు చెయ్యి చూపించి, "ఇది లింబాద్రిది" అన్నాడు. అంతే. కాయితం లేదు, కలం లేదు.

అది ఖసాబ్ చెట్టు. తోటలో అన్ని చెట్ల పండ్లూ దిగాక, అన్నిటికన్నా వెనక పండే రకం. ఆనాటి నుంచి దాన్ని లింబాద్రి చెట్టనే పిలిచారు. ఆ పండు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. అర్బాబు కొడుకు మర్హూన్ చిన్నతనంలో ఆ చెట్టు కింద రాలిన పండు తిన్నా, వచ్చి "లింబాద్రీ, నీది ఒకటి తిన్నాను" అని చెప్పిపోయేవాడు.

అర్బాబు పోయాడు. కొడుకులు సీబ్‌లో స్థిరపడ్డారు. షంసాకు మోకాళ్లు పోయాయి. చుట్టూ తోటలన్నీ పోయాక ఒంటరిగా దీన్ని పట్టుకుని ఏం చేస్తాను, అమ్ముదాం అని ఆమే ఒప్పుకుంది. తీరా వేలిముద్ర వేసే రోజున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లింబాద్రి చెట్టు నాది కాదు" అన్నది కొడుకుతో. "మీ నాన్న నలుగురి ముందు ఇచ్చాడు. నాది కానిదానికి నేను పైకం పుచ్చుకుంటే రేపు దేవుడి ముందు అది నా మెడకు చుట్టుకుంటుంది. విడిచానని అతను తన నోటితో చెప్పాలి. అప్పుడు వేస్తాను వేలిముద్ర."

మర్హూన్ ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత కంపెనీకి ఫోన్ చేశాడు.

కంపెనీ తరఫున భూములు కొనే మేనేజరు మనవాడే. పేరు చైతన్యకృష్ణ, భీమవరం వైపు. మరునాడే కారు వేసుకుని వచ్చాడు. లింబాద్రి చెట్టు ఎక్కి గెలలకు సంచులు కడుతున్నాడు. కిందికి దిగేదాకా చైతన్యకృష్ణ ఎండలోనే నిలబడ్డాడు.

"పెద్దాయనా, మనం మనం తెలుగోళ్లం. ఒక్క మాటండి. విడిచానని ఆవిడ దగ్గర అనేస్తే అయిపోద్ది."

"అంట సారూ. పండు దిగినంక అంట."

"ఎప్పుడు దిగుద్దది?"

"ఖసాబ్ గద. ఇంక రెండు నెల్లు పట్టచ్చు."

"రెండు నెలలా. చెట్టుకెంత కాసుద్దో చెప్పండి, దానికి రెట్టింపు నేనిప్పిస్తాను."

"పైసల ముచ్చట గాదు సారూ. కాయ మీదున్న చెట్టును ఎట్ల ఇడుస్త. కడుపుతోనున్నదాన్ని ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినట్టుంటది."

చైతన్యకృష్ణ కళ్లద్దాలు తీసి చెమట తుడుచుకున్నాడు. "ఇప్పుడు చెప్పేస్తే మీకు కంచె లోపల వాచ్‌మన్ డ్యూటీ వేయిస్తాను. వీసా కంపెనీదే. నీడపట్టున కూర్చునే పని. లేటయితే మాత్రం నా చేతుల్లో ఉండదండి. మా పైవాడు రోజూ నా ప్రాణం తీస్తున్నాడు."

"మీ కష్టం నాకెరికే సారూ" అన్నాడు లింబాద్రి. అన్నాడే గాని, మాట మార్చలేదు.

ఈ సంగతి విని షంసా, "సరే, పండు దిగనీ. అతని మాట న్యాయం" అన్నది. ఇక ఎవరూ చేసేది లేక, కంపెనీ ఆ తోట వదిలి చుట్టూ నేల చదును పెట్టుకుంది. డోజర్ల దుమ్ము వచ్చి మట్టల మీద పడేది. కంపెనీ డ్రైవర్ అనీస్, హైదరాబాదు పాతబస్తీ వాడు, కంచె పక్కన బండి ఆపినప్పుడల్లా ఒక మాట విసిరేవాడు.

"ఏం చాచా, రెండొందల ఎకరాలు నీ ఒక్క చెట్టు కాడ ఆగినయ్. మంత్రి లెక్క కూసున్నవ్. నీ చెట్టుకు సెక్యూరిటీ గిట్ల పెట్టమంటవా?"

"పెట్టు. నువ్వే ఉండు. నెలకో పండు జీతమిస్త."

పైకి నవ్వేవాడు గాని, లింబాద్రికి లోపల నవ్వు లేదు. చెట్టు విడిచిన అన్నాక తను ఇక్కడ ఎవరు? ఈ భూమ్మీద ఫలానా లింబాద్రిది అని నలుగురు అనేది ఆ ఒక్క చెట్టే. ఇంటికి ఫోన్ చేసి పెండ్లాం లస్మవ్వకు చెప్పుకున్నాడు.

"గా పండు తినుకుంటనే మన బిడ్డ సింధూజ పెద్దగైంది" అన్నది లస్మవ్వ. "ఊళ్లె ఏమంటరో ఎరుకేనా? ఈడ గుంట లేకున్నా, లింబాద్రికి మస్కట్ల చెట్టున్నదంటరు."

"ఇడిస్తె ఏమంటరే?"



"ఏమంటరు. చెట్టుండె అంటరు."

గెలలు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరుగుతున్న రోజుల్లో, వడగాలికి షంసా పడిపోయింది. రుస్తాఖ్ ఆసుపత్రికి తీసుకుపోయారు. గుండె బాగా నీరసించిందన్నారు. మరునాటి పొద్దున చైతన్యకృష్ణ మళ్లీ వచ్చాడు. ఈసారి బేరానికి రాలేదు. గట్టు మీద లింబాద్రి పక్కనే కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఉన్నమాట చెప్తాను, బెదిరిస్తున్నానని అనుకోకండి. ఆవిడ పోతే ఇంక మిమ్మల్ని అడిగేవాళ్లుండరు. పిల్లలు సంతకాలు పెట్టేస్తారు. మీరు విడిచినా విడవకపోయినా చెట్టు పోద్ది."

లింబాద్రి తల ఊపాడు. ఆ సంగతి అతనికి తెలియక కాదు. చెట్టు ఎటూ నిలవదు. తను చెప్పకపోతే మాత్రం, ఆ మనిషి తనది కాని బరువు నెత్తిన పెట్టుకుని పోతుంది. చెబుదామంటే అడ్డం తను పెట్టిందే. పండు దిగనీ అని ఆమె కూడా మాట ఇచ్చేసింది. పచ్చి కాయ చెట్టు మీద ఉండగా విడిచానంటే, నా కోసం అంటున్నావు, నాకు వద్దు అంటుంది. ఆమె సంగతి అతనికి తెలుసు.

లేచి చెట్టు ఎక్కాడు. సంచి విప్పి కాయలు నొక్కి చూశాడు. రాయిలా ఉన్నాయి. దిగి, కాళ్లూ చేతులూ కడుక్కుని, మంచి చొక్కా తొడుక్కుని అనీస్ బండి ఎక్కాడు.

రుస్తాఖ్ బజారులో బండి ఆపమన్నాడు. ఒక దుకాణంలో ఖసాబ్‌కన్నా ముందే దిగే ఫర్ద్ రకం ఖర్జూరాలు, నల్లగా పండినవి, చూసి చూసి ఏరుకున్నాడు.

"క్యా చాచా, తోటల ఉన్నోడివి ఖర్జూరాలు కొంటున్నవా" అని నవ్వాడు అనీస్. లింబాద్రి వాటిని దుకాణం సంచిలోంచి తీసి తన రుమాలులో మూట కట్టుకోవడం చూసి నవ్వు ఆపేశాడు. బండి ఆసుపత్రి వైపు తిప్పాడు.

షంసా మంచం పక్కన మర్హూన్ ఉన్నాడు. ఆమె సగమైపోయింది. లింబాద్రిని చూసి, వాళ్లిద్దరూ ఇన్నేళ్లుగా మాట్లాడుకునే సగం అరబ్బీ సగం హిందీ మాటల్లో నెమ్మదిగా అడిగింది.

"పండిందా?"

"పండింది అమ్మా. దించిన."

రుమాలు విప్పి ఒక పండు ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె కొంచెం కొరికింది. చాలాసేపు నమిలింది. పెళ్లై వచ్చిన నాటి నుంచీ ఆ తోట పండ్లు ఏరి, ఎండబెట్టి, జాడీల్లో వత్తిన మనిషి. లింబాద్రి చెట్టు పండు ఏటేటా మొదటి గిన్నె ఆమె గడపకే వెళ్లేది. అది ఏ రకమో, ఇంకా ఏ రకం పండలేదో నాలుక మీద పడగానే ఆమెకు తెలిసిపోయింది. లింబాద్రి తల దించుకున్నాడు. పారేస్తుందనుకున్నాడు.

ఆమె పండంతా తిన్నది.

"చెట్టు విడిచావా?"

లింబాద్రి తల ఊపాడు.

"తల కాదు. నోటితో."

లింబాద్రి రుమాలు మూట మళ్లీ ముడి వేశాడు. మర్హూన్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"విడిచిన" అన్నాడు లింబాద్రి.

"నా మీద, నా పిల్లల మీద నీకు బాకీ ఏమీ లేదు కదా?"

"ఏమీ లేదు. విడిచిన."

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లింబాద్రి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు అన్నది, కళ్లు తెరవకుండానే.

"లింబాద్రీ, ఇవాళ పండిందని నువ్వు నాకు చెప్పిన మాటను నేనూ విడిచాను. నీ మీదా ఏమీ లేదు. పో."

వరండాలో చైతన్యకృష్ణ కాగితాలు పట్టుకుని ఉన్నాడు. లింబాద్రి ముఖం చూసి లేచి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

పొద్దు వాలేసరికి లింబాద్రి తోటకు వచ్చి మోటారు వేశాడు. చెట్లకు నీళ్లు కట్టే పని, ఎవరి చేతికి పోయే తోటైనా, ఇవాళ్టికి తనదే. మొదటి వరుస కాలువ తెరిచి, పార పట్టుకుని పాదు పాదుకూ నీళ్లు మళ్లిస్తూ నడిచాడు. ఇన్నేళ్లూ ఖసాబ్ చెట్టు పాదు మూసి ఉంచి దాటిపోయేవాడు. అర్బాబు చెట్లన్నీ తాగాక, మిగిలిన నీళ్లు చివరికి దానికి పెట్టేవాడు. తన చెట్టు కదా అని.

ఇవాళ కూడా అలవాటుగా దాటి రెండడుగులు పోయాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, పారతో మట్టి తీసి పాదు తెరిచాడు. వరుసలో దాని వంతు ఎక్కడ వచ్చిందో అక్కడే దానికి నీళ్లు పెట్టాడు. పాదు నిండేదాకా నిలబడి, తరువాతి చెట్టుకు నీళ్లు మళ్లించాడు.