థామస్ హాబ్లీ భార్య

ఆదివారం ఉదయం పదిన్నరకు, మలేషియాలోని బటాంగ్ బెర్జుంటై రామమందిరం హాల్లో వంశవృక్షం బోర్డు మీది పసుపు గుడ్డ తీశారు. తీసింది మోహన్. కుర్చీల్లో ఉన్నవాళ్లు అరవై మంది దాకా ఉంటారు, మగవాళ్లూ పిల్లలూ. ఆడవాళ్లు వెనక వంటగదిలో ఉన్నారు. పుష్పవల్లి ఒక్కతే రెండో వరుసలో కూర్చుంది. బోర్డు తయారుచేసింది ఆమె. చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి.

పుష్పవల్లికి నలభై ఆరేళ్లు. సుంగై బులో నుంచి రోజూ ఎంఆర్‌టీ రైల్లో సైబర్‌జయ వెళ్లి పని చేస్తుంది. పదకొండేళ్లుగా ఒకటే పని. ఇంగ్లండు పల్లెల్లోని చర్చి రిజిస్టర్ల ఫొటోలు తెర మీదికి వస్తాయి. ఏ బిడ్డకు ఏ రోజున బాప్తిస్మం ఇచ్చారు, ఎవరికి ఎవరితో పెళ్లయింది, ఎవరిని ఎప్పుడు పూడ్చారు. రెండు మూడు వందల ఏళ్ల నాటి చేతిరాత చదివి టైపు చెయ్యాలి. తాతముత్తాతల్ని వెతుక్కునే తెల్లవాళ్లు వాటిని చూస్తారు. ఆఫీసులో నియమం ఒకటే: కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాలి, లేనిది ఊహించకూడదు, పేరు లేకపోతే గడి ఖాళీగా వదలాలి. ఖాళీగా వదిలిన గడుల్లో ఎక్కువ ఆడవాళ్లవే.

కిందటి సెప్టెంబరులో నెదర్‌కోంబ్ అనే ఊరి రిజిస్టరు వచ్చింది. 1756 నుంచి 1770 లోపల తొమ్మిది బాప్తిస్మాలు. థామస్ హాబ్లీ కొడుకు జాన్, థామస్ హాబ్లీ కూతురు మేరీ, అలా తొమ్మిదిసార్లూ తండ్రి పేరే. 1771 మార్చి తొమ్మిదిన ఒక ఖననం: థామస్ హాబ్లీ భార్య. అంతే రాసి ఉంది. తొమ్మిది కాన్పులైన మనిషికి పేరు లేదు. పుష్పవల్లి గడి ఖాళీగా వదిలి తర్వాతి పేజీకి వెళ్లింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచింది, మూసింది, వెనక్కి వచ్చి పెళ్లిళ్ల పుస్తకం తీసింది. అందులో పెళ్లికూతురు సంతకం పెట్టాలి. చదువు రాకపోతే ఇంటూ గుర్తు పెట్టాలి, ఆ గుర్తు పక్కన పాదిరి ఆమె పేరు రాయక తప్పదు. 1755 అక్టోబరులో దొరికింది. సుసన్నా ప్రీస్ట్. గుర్తు పెట్టినచోట కలం కాగితంలోకి దిగింది. హాబ్లీ వంశాన్ని వెతికిస్తున్న పెద్దాయన ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉంటాడు. ఆ పేరు పంపితే మర్నాడే జవాబు ఇచ్చాడు: ధన్యవాదాలు, నాకు మగవాళ్ల వరుస చాలు.

ఆ వారంలోనే మోహన్ ఇంటికి వచ్చాడు. పుష్పవల్లి భర్త రవిచంద్రన్‌కు అన్న. వాళ్ల తాత సన్యాసి సిక్కోలు నుంచి వచ్చి ఓడ దిగింది 1926లో. నూరేళ్లు అవుతున్నాయి కాబట్టి కుటుంబమంతా తాత పనిచేసిన ఎస్టేటు దగ్గర కలవాలనీ, మందిరంలో పెద్ద బోర్డు పెట్టాలనీ మోహన్ ఆలోచన. "దొరల తాతల్ని ఎతుకుతావు గదా పుష్పా, మన తాతని కూడా నువ్వే ఎతుకు లా," అన్నాడు, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. రవిచంద్రన్ టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, కూర్చుని సేసే పనే కదా అన్నాడు.

ఐదు నెలలు పట్టింది. శనివారాలు ముందే వంట చేసి పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లేది. ఆదివారాలు రవాంగ్‌లో, క్లాంగ్‌లో ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల కాగితాలు ఫొటోలు తీసుకునేది. సాంబారు పలచనైన రోజున రవిచంద్రన్, పప్పంతా మా తాత తినేసినాడా ఏటి అని నవ్వాడు. అత్తగారు శాంతాదేవి తన బిస్కెట్ల డబ్బాలోని పాత కాగితాలు ఇచ్చి, అవి చూసేలోపు అలమారా కూడా సర్దమంది.

కాగితాల్లో ఉన్నది ఇది. సన్యాసి 1934లో జ్వరంతో చనిపోయాడు. ఈ దేశంలో ఆయన బతికింది ఎనిమిదేళ్లు. ఆయన భార్య కూర్మమ్మ ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు అదే ఎస్టేటులో రబ్బరు చెట్లు గీసి నలుగురు పిల్లల్ని పెంచింది. నలుగురి పుట్టుక కాగితాల మీదా, సన్యాసి చావు కాగితం మీదా, సమాచారం ఇచ్చిన మనిషి అన్నచోట ఆమె పేరు, వేలిముద్ర ఉన్నాయి. మోహన్ అచ్చు వేయించిన ఆహ్వానంలో, ఈ కుటుంబం సన్యాసి తాత చెమట అని ఉంది.

బోర్డుకు మోహన్ తన చేత్తో నమూనా గీసి ఇచ్చాడు. పైన సన్యాసి, కింద కొడుకులు, మనవలు, మునిమనవలు. మగవాళ్లకు పేర్లు ఉన్నాయి. పెళ్లయినవాళ్ల పక్కన 'భార్య' అని ఉంది. కూతుళ్లు లేరు. అడుగున 'సేకరణ: మోహన్' అని ఉంది. రవిచంద్రన్ గడి నుంచి కిందికి గీత లేదు. ఆ గీత ఉంటే దాని చివర ఉండాల్సింది అంబిగ. వాళ్లకు ఒకతే కూతురు, పదిహేడేళ్లు.

పుష్పవల్లి మొదట కూర్మమ్మ పేరు అడిగింది. "పేరెందుకు? సన్యాసి భార్య అంటే ఆవిడే గదా," అన్నాడు మోహన్. తర్వాత అంబిగ గురించి అడిగింది. ఆడపిల్ల రేపు ఇంకో ఇంటి బోర్డు మీదికి పోద్ది, ఈ పద్ధతి నేను పెట్టినానా అన్నాడు. శాంతాదేవి ఉల్లిపాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "కొడుకు లేనోళ్లకి గీత అక్కడితో ఆగిపోద్ది మరి," అంది. రవిచంద్రన్ లేచి టీవీ పెట్టాడు. పక్కగదిలో ఉన్న అంబిగకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. అందరూ లేచి వెళ్లాక వచ్చి, "పర్వాలేదు మా, బోర్డే కదా లా," అంది.

అప్పటిదాకా పుష్పవల్లికి కోపం మోహన్ మీదే. ఆ 'పర్వాలేదు' విన్నాక అది ఒకరి మీద ఆగలేదు. ఆ మాట తన కూతురికి ఎక్కడ దొరికిందో ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో, ఉద్యోగం మానేస్తే అమ్మకు సాయంగా ఉంటుంది గదా అని రవిచంద్రన్ అన్నప్పుడు పర్వాలేదు అంది, మానేసింది, మళ్లీ పని దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మందిరం పండగ పిలుపుల్లో తన పేరు 'రవిచంద్రన్ భార్య' అని వచ్చినప్పుడు, కాన్పు గదిలోంచి బయటికి రాగానే శాంతాదేవి బిడ్డను చూడకుండా, ఆడపిల్లా, మళ్లీ చూద్దాంలే అన్నప్పుడు, మోహన్ ఇంటి పెళ్లిలో పొద్దుటి నుంచి వండి చివరి బంతిలో కూడా చోటు దొరక్క నిలబడి తిన్నప్పుడు అదే మాట అంది. ఒక్కోసారి ఎవరూ అడక్కముందే అంది. పదకొండేళ్లుగా ఆఫీసులో ఖాళీ గడులు చూసి, రాసిన పాదిరుల్ని తిట్టుకుంది. పాదిరి చర్చిలో కూర్చుని రాశాడు. ఇక్కడ రాస్తున్నవాళ్లు తన చేతి అన్నం తిని రాస్తున్నారు, రాయమని తనకే ఇస్తున్నారు. మూడొందల ఏళ్ల తర్వాత ఎక్కడో ఎవతో ఈ బోర్డు చదివి గడి ఖాళీగా వదులుతుంది.

పుష్పవల్లి ఎవరితోనూ గొడవపడలేదు. మోహన్ ఇచ్చిన నమూనాలో ఒక గీత కూడా చెరపలేదు, చేర్చాల్సినవి చేర్చింది. భార్యాభర్తల్లో ఒకరికి పేరు, ఒకరికి చుట్టరికం అన్నది అతని పద్ధతి. దాన్ని అలాగే ఉంచింది. పేరు ఎవరికి, చుట్టరికం ఎవరికి అన్నది మార్చింది. మంగళవారం పొద్దున ఆ ఫైలు మోహన్‌కు వాట్సాప్‌లో పంపి, ప్రతి గడీ చూసి సరేనంటేనే అచ్చుకు ఇస్తానని రాసింది. నిమిషంలో బొటనవేలి గుర్తు వచ్చింది. అక్షరాలు బంగారు రంగులో రావాలని ఇంకో మెసేజ్ వచ్చింది.

అక్షరాలు బంగారు రంగులోనే వచ్చాయి. తెలుగు చదవగలిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇంగ్లీషులో. అన్నిటికంటే పైన కూర్మమ్మ, ఆమె పక్కన 'భర్త'. కింద ఆమె కూతుళ్లు, కోడళ్లు, మనవరాళ్లు, మొత్తం నలభై ఒక్క పేర్లు. పెళ్లయిన ప్రతి పేరు పక్కనా 'భర్త' అని ఉంది. పెళ్లికాని మగపిల్లలకు 'కొడుకు' అని ఉంది. మోహన్ పిల్లలు ఇద్దరూ 'కొడుకు', 'కొడుకు'. పుష్పవల్లి పేరు నుంచి ఒక గీత కిందికి దిగి అంబిగ దగ్గర ఆగింది. అడుగున 'సేకరణ: బాలసరస్వతి భర్త'.

బాలసరస్వతి మోహన్ భార్య. ఆదివారం మోహన్ గుడ్డ తీసే సమయానికి వంటగదిలో అప్పడాలు వేయిస్తోంది.

మొదట లేచింది రవిచంద్రన్. బోర్డు దగ్గరికి వెళ్లి పైనుంచి కిందికి వేలుపెట్టి చూశాడు.

"నా పేరేదీ?"

"ఉంది. నా పక్కన."

మోహన్ గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "ఏటి సేసినావు ఇది? అందరి ముందర," అన్నాడు.

"పేరెందుకు బావా?" అంది పుష్పవల్లి. "బాలసరస్వతి భర్త అంటే మీరే గదా."

మోహన్ గుడ్డ మళ్లీ కప్పమన్నాడు. కప్పడానికి ఎవరూ లేవకముందే అంబిగ బోర్డును ఫోన్‌తో ఫొటో తీసుకుని వంటగదిలోకి వెళ్లింది. అక్కడ ఆమె ఒక్కో పేరూ పైకి చదివినట్టు తర్వాత ముగ్గురు చెప్పారు. పదీ యాభైకి వంటగది తలుపు తెరుచుకుంది. ముందు బాలసరస్వతి వచ్చింది, చేతిలో చిల్లుల గరిటె ఉంది. ఆమె వెనక మిగతావాళ్లు. శాంతాదేవి చదివింది ఎస్టేటు తమిళ బడిలో, ఇంగ్లీషు రాదు. మనవరాలి మోచెయ్యి పట్టుకుంది.

"నా పేరెక్కడుందే? సూపించు."

అంబిగ ఆమె వేలు తీసుకుని పేరు మీద పెట్టింది. శాంతాదేవి వేలు అక్కడే ఉంచి, ఇంకో చేత్తో గుడ్డను మోహన్ దగ్గర్నుంచి తీసుకుంది.

భోజనం పన్నెండున్నరకు పెట్టాలి. ఒంటిగంటా పది నిమిషాలకు వంటగదిలో ఎవరూ లేరు. అన్నం పొయ్యి మీదే ఉంది.